డ్రిల్లు మాస్టారి బంగారం

ఒకటి కాదు, రెండు కాదు... పది గోల్స్! 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన ఫుట్‌బాల్ జట్టును 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీయే... సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో పుట్టిన రహీం చదువుకునే రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్‌గా చేరగానే ఆయన దశే కాదు, జట్టు దశా తిరిగింది. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ పోలీసులదే! 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిందీ ఆయన శిష్యులే.

ఇంతకీ ఆయన దగ్గరున్న మంత్రమేమిటి? పిల్లలకు వింత వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బంతిని అట్టే పెట్టుకుని డ్రిబుల్ చేయకూడదు, వెంటనే పక్కవాడికి అందించాల్సిందే. ఇంకోదాంట్లో అలవాటులేని కాలితోనే తన్నాలి. పైసా ఖర్చు లేదు. కానీ రెండు కాళ్లూ పనిచేసే, పదకొండుమందీ కలిసి ఆడే జట్టు తయారైంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌లోని ప్రతిభను గుర్తించిందీ ఆయన కళ్లే.

హెల్సింకీ దెబ్బకు మనవాళ్లకు బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచాం. ఎదురుగా మళ్లీ అదే యుగోస్లావియా. నెవిల్ డిసౌజా గోల్‌తో ముందు ఆధిక్యం మనదే! తర్వాత వాళ్లు తేరుకుని 4-1తో గెలిచారు. ఆ రోజు గోల్ కొట్టిన సెర్బియా ఆటగాడు తోడోర్ వెసెలినోవిచ్ తర్వాతి కాలంలో తన దేశపు జట్టుకే కోచ్ అయ్యారు. మనకు దక్కింది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన రికార్డు అదే.

ఇక 1962 జకార్తా. లీగ్ దశలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో ప్రత్యర్థి. స్టేడియం నిండా మనల్ని గేలిచేసే జనం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ఏకంగా ఫార్వర్డ్‌గా దించారు! పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి... 2-1తో బంగారం మనదైంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మరో స్వర్ణం లేదు.

తొమ్మిది నెలలు దాటగానే, 1963 జూన్ 11న క్యాన్సర్ ఆయన్ని తీసుకెళ్లిపోయింది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైందే 1985లో! ఆయన కథ సినిమాగా... 'మైదాన్' పేరుతో... తెరకెక్కి విడుదలయ్యేసరికి 2024 వచ్చింది.

పురస్కారాల మాట ఎలా ఉన్నా, ఆయన పద్ధతికి మాత్రం కాలం చెల్లలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఏ ఊరి బడిలోనైనా దాన్ని అమలుచేయడానికి పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒక బంతి, కాస్త జాగా, సాయంత్రం ఓ గంట ఉండిపోయే డ్రిల్లు మాస్టారు చాలు. రహీం సాబ్ మొదలుపెట్టిందీ బడిపంతులుగానే కదా!