జట్టు బలమెక్కడ? లోపమెక్కడ?



"మన ఫుట్‌బాల్ జట్టు మంచిదేనా?" అని అడిగితే మీలో చాలమంది, "ఓ! మొన్న గెలిచిందిగా!" అంటారు. గెలిచినంత మాత్రాన లోపాలు లేవనీ, ఓడినంత మాత్రాన బలం లేదనీ అనుకోరాదు. లెక్కలలో నూటికి అరవై తెచ్చుకున్నవాడు కూడికలలో గట్టివాడై, భిన్నాలలో వెనుకబడి ఉండవచ్చును గదా! జట్టును కూడ అలాగే విడదీసి చూడాలి. ఒక నిజమైన జట్టును తీసుకొని చూద్దాము.

ఇంగ్లండులోని లీస్టర్ నగరపు జట్టు పేరు లీస్టర్ సిటీ. 2014-15లో అది ఆ దేశపు పెద్ద లీగ్‌లో, 20 జట్లలో 14వదిగా నిలిచింది. మరుసటి పోటీలకు రనియేరి అనే ఇటలీ దేశస్థుడు శిక్షకుడుగా వచ్చాడు.

ఇక పెన్సిలు, కాగితము తీసుకోండి. మొదటి 9 ఆటలలో ఆ జట్టు 19 గోల్స్ చేసింది. ఎదుటివారికి 17 ఇచ్చింది. ఆటకు రెండేసి చేయడం బలం. ఆటకు దాదాపు రెండేసి ఇచ్చుకోవడం లోపం. ఒక్క ఆట మాత్రమే ఓడారు గనుక ఈ లోపం పైకి కనబడలేదు. కడవలో నీళ్ళు పోస్తూనే ఉన్నారు. అడుగున చిల్లు అలాగే ఉన్నది!

శిక్షకుడు ఆ చిల్లును చూచాడు. ఆర్సెనల్ చేతిలో 5-2తో ఓడిన తరువాత వెనుక వరుసలో రెండు పక్కలా ఆడేవారిని మార్చాడు. "ఒక్క గోలు కూడ ఇవ్వకుండా ఆడండి, పిజ్జా పెట్టిస్తాను" అని ఆశ కూడ పెట్టాడు. 2015 అక్టోబరు 24న, పదవ ఆటలో, క్రిస్టల్ ప్యాలెస్‌ను 1-0తో గెలిచారు. శిక్షకుడు మాట నిలబెట్టుకొని అందరినీ పిజ్జా దుకాణానికి తీసుకొని వెళ్ళాడు. కాని అక్కడ ఎవరి పిజ్జా వారే చేసుకోవలసి వచ్చింది! కష్టపడనిదే ఏదీ రాదని ఆయన పాఠం.

మిగిలిన 29 ఆటలలో 49 గోల్స్ చేసి, 19 మాత్రమే ఇచ్చారు. అంటే మూడు ఆటలకు రెండు! 2016 మే నెలలో ఆ జట్టే లీగ్ విజేత అయింది.

ఇప్పుడు మరొక ప్రశ్న. ఆ బలం ఎవరిది? మొత్తం 68 గోల్స్‌లో వార్డీ 24, మహ్రెజ్ 17 చేశారు. కనుక వారిదే అంటారు మీరు. కాంటే అనే ఆటగాడు చేసినది ఒక్కటే గోలు. కాని మైదానం మధ్యలో ఎదుటివారి నుండి బంతిని లాక్కొని, తనవారికి అందించే పని ఆయనదే.

2016లో కాంటే చెల్సీ జట్టుకు వెళ్ళిపోయాడు. వార్డీ, మహ్రెజ్ లీస్టర్‌లోనే ఉన్నారు. అయినా 2016-17లో లీస్టర్ 48 గోల్స్ చేసి, 63 ఇచ్చి, 12వ స్థానానికి దిగింది. అంతకుముందు 10వదిగా ఉన్న చెల్సీ విజేత అయింది. ఇదంతా ఒక్కడి వల్లనే జరిగిందనరాదు. లీస్టర్ ఆ ఏడు యూరప్ పోటీలు కూడ ఆడవలసి వచ్చింది. చెల్సీకి కొత్త శిక్షకుడు వచ్చాడు. అయినా గోల్స్ పట్టిక ఒక్కటే చదివినవారికి కాంటే విలువ తెలియదు గదా!

ఈ తప్పు నేనూ చేశాను. ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులలో, వార్షికోత్సవ సభలో గోలు కొట్టిన పిల్లవానికే బహుమతి ఇచ్చాను. ఆటంతా పరుగెత్తి బంతి అందించిన పిల్లవాని పేరైనా చదవలేదు. అతడు చివరి వరుసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటవి.

కనుక ఈ నెల మీ పాఠశాల జట్టు ఆట చూచినప్పుడు నాలుగు గడుల పట్టిక గీయండి: చేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్, బంతిని లాక్కున్నవారు, బంతిని అందించినవారు. చివరి రెండు గడులలో ఎవరి పేర్లు ఎక్కువసార్లు వచ్చినవో చూడండి. ఆట ముగిశాక వారి దగ్గరకు వెళ్ళి, "బాగా ఆడావు" అని చెప్పండి.