చచ్చినవాళ్ళని లేపకండి మహాప్రభో!

ముందే చెప్తున్నా, 'నరుటో', 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. కథ మొత్తం చెప్పేస్తాను :)

మొన్న శనివారం నరుటోలో పెయిన్ ఘట్టం మళ్ళీ చదివాను. మసాషి కిషిమోతో 1999 నుంచి 2014 దాకా నడిపిన ఈ మాంగాలో నాకు బాగా నచ్చిన విలన్ ఇతనే. అసలు పేరు నాగతో. ఊరికే ప్రపంచాన్ని ఏలేద్దామనుకునే రకం కాదు. చిన్నప్పుడు ఇతని అమ్మానాన్నల్ని శత్రువులనుకుని పొరపాటున చంపింది హీరో ఊరి నింజాలే! పెద్దయ్యాక ఇతను తన ఒకప్పటి గురువు, నరుటోకీ గురువైన జిరయాని చంపి, ఆ ఊరినే నేలమట్టం చేస్తాడు. మీ పగ న్యాయం, మా పగ అన్యాయమా అని నిలదీస్తే నరుటో దగ్గర జవాబుండదు.

అక్కడిదాకా అద్భుతం. తర్వాతే నాకు చిర్రెత్తుకొచ్చింది. నాగతో మనసు మార్చుకుని, తన ప్రాణమిచ్చి ఆ దాడిలో పోయిన ఊరివాళ్ళందర్నీ బతికించేస్తాడు. కకాషితో సహా! డేటాబేస్ రోల్‌బ్యాక్ కొట్టినట్టు. జిరయా తిరిగిరాడు కాబట్టి నరుటో క్షమించడంలో బరువుంది. మరి ఊరివాళ్ళ సంగతి? బిడ్డని పోగొట్టుకున్న తల్లి నాగతోని క్షమించగలదా అన్నది అసలు ప్రశ్న. రచయిత దాన్ని ఎవర్నీ అడగనివ్వలేదు.

పిల్లల పత్రిక కదా, అంతకంటే ఏం రాస్తారు అన్నాడు మా టీమ్‌లో ఒకడు. మరి హిరోము అరకవా 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' (2001-2010) వచ్చిందీ కుర్రాళ్ళ పత్రికలోనే! అందులో పోయినవాళ్ళు తిరిగిరారన్నది మొదట్నుంచీ నియమం. హ్యూస్ చచ్చిపోతే అంతే. నాన్నని ఎందుకు పాతిపెడుతున్నారని అతని కూతురు అడుగుతుంటే మనకే గొంతు పట్టేస్తుంది. అతన్ని చంపిన ఎన్వీ చివరికి స్నేహితుడు మస్టాంగ్ చేతికి చిక్కుతాడు. మస్టాంగ్ తగలబెట్టేయబోతే తోటివాళ్ళు ఆపుతారు. ఎన్వీకి లోపల ఉన్నది మనుషుల మీద అసూయేనని అప్పుడే బయటపడుతుంది. జాలేస్తుంది కూడా. అయినా హ్యూస్ రాడు, ఎన్వీ చేసింది ఒప్పూ అయిపోదు. ఆ నష్టం అలాగే ఉంది కాబట్టే మస్టాంగ్ ఆగడం అంత కష్టం, అంత గొప్ప.

నా మటుకు నాకు విలన్ బాధ అర్థమవ్వాలి, అతను చేసిన నష్టం మాత్రం చెరగకూడదు. రెండోది చెరిపేసి మొదటిదాని మీద జాలిపడమంటే అది క్షమించడం కాదు, లెక్క ఎగ్గొట్టడం.

మీరేమంటారు?