గాలివాన వెలిశాక

"గాలివాన వెలిసి వారం రోజులైంది. గోడల నిండా నల్లగా, పచ్చగా బూజు. వెల్ల వేయిస్తే పోతుందంటారు మావారు. తడిసిన దూది పరుపులు ఎండబెట్టి వాడుకుందామంటారు మా అత్తగారు. అవి ఆవిడ కాపురానికి తెచ్చుకున్నవి. మా చంటివాడికి ఉబ్బసం. ఏం చేయమంటారు?" అని కోస్తా నుంచి ఒక సోదరి రాశారు.

అమ్మా, ముందు పిల్లవాడి సంగతి. యిల్లు శుభ్రమయ్యేదాకా వాణ్ణి బంధువుల యింట వుంచండి. బూజు నుంచి గాలిలోకి లేచే కంటికి కనిపించని బీజాలు ఉబ్బసం వున్నవాళ్ళకు ఆయాసం తెప్పిస్తాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మా యింటా యిదే జరిగింది. అద్దాలు పగిలి గదుల్లోకి వాన కొట్టింది. కరెంటు లేదు, పంకా లేదు. మూడోనాటికే బీరువా వెనక గోడ పచ్చబడింది. పొడి చీపురుతో దులిపాను. బూజు యిల్లంతా పరుచుకుంది. తడి ఆరకుండానే రంగు వేయించాం. నెల తిరక్కుండా పెచ్చులూడి మళ్ళీ మొదటికొచ్చింది.

కనుక తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, సామాను గోడకు జానెడు దూరం జరపండి. ముక్కుకు మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, గోడను సబ్బునీళ్ళతో తడిపి రుద్ది తుడవండి. బ్లీచ్ ద్రావకం వాడదలిస్తే నాలుగు లీటర్ల నీళ్ళకు ఒక గ్లాసు చాలు. దాన్ని మరుగుదొడ్లు కడిగే ఆసిడ్‌తో గాని, అమ్మోనియాతో గాని ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. సున్నంలోని క్షారగుణం బూజుకు గిట్టని మాట నిజమే. కాని వెల్ల, గోడ పూర్తిగా ఆరాకనే.

వంటింట్లో బూజుపట్టిన వేరుసెనగపప్పు వుంటే పారేయండి. అందులో పుట్టే విషం వేయించినా పూర్తిగా పోదు. పశువులకూ పెట్టకూడదు. పచ్చళ్ళ మీద బూజును పైపైన తీసి వాడుకోవడమూ మంచిది కాదు.

యిక పరుపులు. పైన ఎండినా, దూదిలోకి దిగిన బూజు పోదు. దూది పారేయక తప్పదు. పైగుడ్డ గట్టిగా వుంటే విప్పి, వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి అత్తగారి చేతికివ్వండి. కొత్త దూదితో మళ్ళీ కుట్టించుకోవచ్చు. అయితే యీ మాట చెప్పవలసింది మీరు కాదు, మీవారు. కోడలి నోట కన్నా కొడుకు నోట వింటే ఆవిడకు కష్టం తక్కువ. మనవడి ఊపిరి కన్నా పరుపు ఎక్కువ కాదని ఆవిడకు మాత్రం తెలియదా?