ఊపిరాడనివాడికి ముందు 108, తర్వాతే కేసు

తీవ్రమైన అలర్జీ కమ్ముకొస్తున్న మనిషి ఒక్కోసారి ఒంటిమీద దద్దుర్లు తేలకముందే ‘నాకేదో అయిపోతోంది’ అంటాడు. కారణం చెప్పలేడు, చావు దగ్గరికొచ్చిందని మాత్రం గట్టిగా అనిపిస్తుంది. అనఫిలాక్సిస్ లక్షణాల్లో డాక్టర్లు దీన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. 5-మియో-డీఎంటీ అనే మత్తుపదార్థం పొగ పీల్చినవాళ్లు కూడా నిమిషం తిరక్కుండా అదే మాట అంటారు. ‘నేను’ అనేది కరిగిపోయినట్టు, ప్రాణం పోతున్నట్టు అనిపించడం ఆ మత్తు స్వభావం. గుండె దడ, ఛాతీ బిగుసుకుపోవడం, వాంతి రెండింట్లోనూ ఉంటాయి. పక్కన కూర్చున్నవాళ్లకు తెలిసింది మత్తు ఒక్కటే. ‘భయపడకు, కాసేపట్లో పోతుంది, వదిలెయ్’ అని వీపు నిమురుతారు. నాలుక వాచి గొంతు పూడుకుపోతున్నవాడికి ఆ ఓదార్పే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ పదార్థానికి పేరు తెచ్చింది ఒక బోదురు కప్ప. అమెరికాలోని అరిజోనా నుంచి మెక్సికో సోనోరా రాష్ట్రం దాకా పరుచుకున్న ఎడారిలో బతుకుతుంది. దాని కళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే గ్రంథుల్ని నొక్కితే పాలలాంటి ద్రవం చిమ్ముతుంది. దాన్ని అద్దం పలక మీద పట్టి ఎండబెడతారు. గీకితే వచ్చే పెచ్చుల్ని గొట్టంలో వేడిచేసి పొగ పీలుస్తారు. 1983లో అమెరికాలో వెలువడిన ఓ చిన్న పుస్తకంతో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తర్వాత దీని చుట్టూ ‘వైద్యం’, ‘దీక్ష’ అనే మాటలు అల్లుకున్నాయి, డబ్బు తీసుకుని చేయించేవాళ్లు పుట్టుకొచ్చారు. 2019 జూలైలో స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో ఇలాంటి ఒక తంతులో ఒక ఫొటోగ్రాఫర్ చనిపోయారు. నెలల తరబడి దర్యాప్తు చేసి మరుసటి ఏడాది పోలీసులు ముగ్గుర్ని అరెస్టు చేశారు. ఆ మరణం అలర్జీ వల్లేనని చెప్పడం లేదు. డాక్టరు లేనిచోట ఊపిరితో ఆడుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఘటన చాలు.

‘ఇది ప్రకృతి ఇచ్చింది, ఏమీ కాదు’ అన్న మాట ఈ తంతుల్లో తరచూ వినిపిస్తుంది. కప్ప విడిచే ద్రవం శత్రువు నుంచి కాపాడుకోవడానికి ప్రకృతి ఇచ్చిన విషం. అందులో మత్తుతో పాటు గుండె మీద పనిచేసే బ్యూఫోటాక్సిన్లున్నాయి, కప్ప చర్మం నుంచి వచ్చిన ఇతర పదార్థాలూ ఉన్నాయి. ఇక ఇలాంటిదే అయిన డీఎంటీ అనే మరో మత్తుపదార్థాన్ని ఎండుటాకుల్లో కలిపి కాల్చే ‘చంగా’ అనే మిశ్రమం సంగతి. ఆ ఆకులేమిటో కలిపినవాడికే తెలియాలి. బంతి, చేమంతి కుటుంబానికి చెందిన పూల రేకులు కూడా కొన్నింట్లో కలుపుతారు. వయ్యారిభామ మొక్కదీ అదే కుటుంబం. పొలం గట్ల మీద దాన్ని పీకి చేతులు పుండ్లయినవాళ్లు, దాని పుప్పొడికి పిల్లికూతలు వచ్చినవాళ్లు తెలుగు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఒక మొక్కకు అలర్జీ ఉన్న ఒంటికి దాని బంధువు కూడా పడకపోవచ్చన్నది అలర్జీ వైద్యంలో పాతమాటే. ఆ బంధువును కాల్చి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీల్చడమంటే ఎంత తెగింపో ఆలోచించాలి.

ఇలాంటి మత్తును ఆవిరి చేసి పీల్చే వేప్ పెన్నులది మరో సమస్య. మత్తును కరిగించడానికి వాడే ద్రవాల్లో ప్రొపిలీన్ గ్లైకాల్ ముఖ్యమైనది. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2018కి దాన్నే ‘ఈ ఏటి అలర్జీ కారకం’గా ఎంపిక చేసింది. చర్మానికి సంబంధించిన హెచ్చరికే అయినా, చర్మానికే పడనిది ఊపిరితిత్తులకు మంచిదని ఎవరు అనగలరు? మన దేశం 2019లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది. దొంగచాటుగా చేతులు మారే కార్ట్రిడ్జ్ మీద లేబుల్ ఉండదు, ఉన్నా నమ్మడానికి లేదు.

‘పోయినసారి ఏమీ కాలేదు కదా’ అన్నది అన్నింటికన్నా ప్రమాదకరమైన ధైర్యం. అలర్జీ పనిచేసే తీరే వేరు. మొదటిసారి ఒంట్లోకి వెళ్లినప్పుడు రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మరోసారి వచ్చినప్పుడు మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బొంగురు, పిల్లికూతలు, బీపీ పడిపోవడం వరసగానో ఒకేసారిగానో వస్తాయి. వేడి పొగకు గొంతు మండి దగ్గు రావడం వేరు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ పొగతోనే శ్వాసనాళాలు బిగుసుకుపోవడం వేరు. ఉబ్బసం మన దగ్గర అరుదైన జబ్బేం కాదు. మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం బారులు తీరేవాళ్లను చూస్తే చాలు. పొగ మంటా, ఉబ్బసమా, అలర్జీయా, వట్టి భయమా అన్నది తేల్చాల్సింది డాక్టరే కానీ చీకటి గదిలో కూర్చున్న స్నేహితులు కాదు.

ఆ గదిలో సాధారణంగా జరిగేది ఒక సెట్రిజిన్ మాత్ర వేసి పడుకోబెట్టడం. అనఫిలాక్సిస్‌లో అది ప్రాణం కాపాడదు. కాపాడేది తొడ కండరంలోకి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. మన అత్యవసర మందుల జాబితాలో ఉన్న చవక మందు అది, నిమిషాల్లో పడాలి. కాస్త తేరుకున్నా గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు గనుక ఆస్పత్రిలో కనిపెట్టి ఉండాలి.

5-మియో-డీఎంటీ అణువునే డిప్రెషన్ చికిత్స కోసం కంపెనీలు పరీక్షిస్తున్నాయి. కప్ప నుంచి పిండింది కాదు, ప్రయోగశాలలో శుద్ధంగా తయారైనది. మిల్లీగ్రాముల లెక్కన, డాక్టర్ల ఎదుట ఇస్తారు. అయినా 2023లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక కంపెనీ పరీక్షకు అడ్డుచెప్పి, పీల్చే పరికరం గురించీ, పరీక్షల్లో జంతువుల శ్వాసనాళాలకు ఏమైందన్నదాని గురించీ మరింత సమాచారం అడిగింది. శుద్ధమైనదానికే అన్ని ప్రశ్నలుంటే అద్దం మీద గీకినదాన్ని ఎవరు పరీక్షించారు?

ఈ పత్రిక ఈ వాడకాన్ని ఏ రూపంలోనూ సమర్థించదు. అమ్మేవాడిని, తంతు నడిపేవాడిని చట్టం వదలకూడదు. కానీ ఊపిరాడక విలవిల్లాడుతున్న కుర్రాడి పక్కన కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని, 108కి కొట్టాలా వద్దా అని తటపటాయిస్తున్న స్నేహితుణ్ని తలచుకుంటే మనసు తరుక్కుపోతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద డీఎంటీ లాంటి మత్తు వాడినందుకే ఆరు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా పడవచ్చు. ఆస్పత్రికి వెళ్తే మెడికో-లీగల్ కేసు (ఎమ్మెల్సీ) రాస్తారని, పోలీసులొస్తారని, ఇంట్లో తెలుస్తుందని భయం. తనంత తానుగా వ్యసన చికిత్సకు వచ్చినవారికి 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అర్ధరాత్రి అంబులెన్స్ పిలిచినవాడి గురించి అందులో మాటే లేదు.

రోడ్డు ప్రమాద బాధితుణ్ని ఆదుకున్నవారికి మాత్రం మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ రక్షణ ఉంది. 2019 సవరణతో వచ్చింది. అంతకుముందు సాక్ష్యాల పేరుతో తిప్పుతారనే భయంతో జనం రక్తమోడుతున్నవాణ్ని వదిలి వెళ్లేవారు. అమెరికాలో 2007లో న్యూ మెక్సికో మత్తు విషయంలో అలాంటి రక్షణ చట్టం తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అక్కడ చదువుకునే తెలుగు పిల్లలకు వీసా పోతుందేమోనన్న భయం అదనం. ఆ భయంతో 911కి ఫోన్ చేయకుండా ఆగవద్దని ఇక్కడి తల్లిదండ్రులే వాళ్లతో చెప్పాలి.

నిజం చెప్పినందువల్ల ఏం ఒరుగుతుందో 2019లోనే తెలిసింది. అమెరికాలో వేపింగ్ చేసినవాళ్లు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల్లో చేరసాగారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. రోగులు ఏం పీల్చారో దాచకుండా చెప్పారు, కార్ట్రిడ్జులు తెచ్చిచ్చారు, డాక్టర్లు ఊపిరితిత్తుల్ని కడిగిన నీటిని ల్యాబులకు పంపారు. 51 మంది రోగుల్లో 48 మందిలో విటమిన్ ఇ ఎసిటేట్ దొరికింది. అదే జాడ పట్టుకుని జనాన్ని హెచ్చరించగలిగారు.

పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టంలో 134ఎ లాంటి సెక్షన్ చేర్చాలి. ప్రాణాపాయంలో సాయం కోరినవారిపైన, పిలిచినవారిపైన కేవలం వాడకం కేసు పెట్టకూడదు. అంతదాకా రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు ఈ మేరకు తమ ఠాణాలకు రాతపూర్వక ఆదేశాలు ఇవ్వాలి. మిగిలిన పొడిని, పెన్నును క్యాజువాలిటీ నుంచి ఫోరెన్సిక్ ల్యాబుకు రోగి పేరు లేకుండా పంపే దారి ఉండాలి. ఎయిమ్స్‌లో 1995 నుంచి నడుస్తున్న జాతీయ విష సమాచార కేంద్రానికి ప్రతి కేసూ చేరాలి. డ్యూటీ డాక్టరు ‘ఏం పీల్చావు బాబూ?’ అని అడిగినప్పుడు ఆ కుర్రాడు తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ వైపు చూడకుండా జవాబు చెప్పగలగాలి.