సారమేయానికి పేరు

గత ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున మా కళాశాల సైకిళ్ల పాకలో ఒక వీథికుక్క నాలుగు పిల్లలను పెట్టినది. పదిరోజులలో మూడు పోయినవి. మిగిలిన మగపిల్లను ద్వితీయ సంవత్సరం విద్యార్థులు చేరదీసినారు. తల్లికి అన్నం వేసి, పిల్లకు గోనెపట్టా పరచి బ్రతికించినారు. ఇరవై ఒకటవ నాడు దానికి బారసాల చేయవలెనని నిశ్చయించుకొన్నారు. అక్కడ వచ్చినది తగవు.

కుక్క పుట్టిన రోజున చరిత్రలో ఏమి జరిగినదో, ఎవరు పుట్టినారో చూచి పేరు పెట్టాలని వారి సంకల్పం. 1943లో స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేనలు లొంగిపోయి ఆ మహాయుద్ధం ముగిసినది ఫిబ్రవరి 2ననే గనుక 'స్టాలిన్' అని పిలుద్దామన్నాడు చరిత్ర విద్యార్థి. ఆ నాయకుడంటే గౌరవం ఉన్నవారూ, ఏవగింపు ఉన్నవారూ ఏకకంఠంతో వద్దన్నారు. ఐరిష్ నవలాకారుడు జేమ్స్ జాయిస్ 1882లో అదే రోజున జన్మించినాడని ఇంగ్లీషు చదివే అమ్మాయి గుర్తు చేసినది. ఆ పేరు నోరు తిరగదన్నారు. తేదీ గొడవ ఎందుకు, మన ప్రతాపరుద్రుని పేరే పెడదామన్నాడు మరొకడు. "మహారాజు పేరు కుక్కకా?" అని పదిమంది లేచినారు. చివరకు తీర్పు కోసం తెలుగు పంతులునైన నా వద్దకు వచ్చినారు. ముప్పది ఏండ్లుగా కళాశాలలో ఉన్న మా అటెండరు పక్కనే నిలబడి అంతా విని, "పేరుకేం బాబూ, ఏదో ఒకటి పెట్టండి. పిలిచినవాడి చేతిలో బువ్వ ఉండాల, అంతే" అన్నాడు. అప్పటికి అందరమూ నవ్వినాము గాని, ఆ మాట నన్ను విడువలేదు.

ఇది అల్పమైన తగవని తోసివేయడానికి వీలులేదు. పేరు పెట్టేవాడు తాను దేనిని స్మరిస్తున్నాడో, ఎవరిని గౌరవిస్తున్నాడో, ఎవరిని తృణీకరిస్తున్నాడో ఆ ఒక్క మాటలో బయటపెట్టుకొంటాడు. మనిషి పెద్దవాడైన తరువాత తనకు నచ్చని పేరును మార్చుకొనవచ్చును. కుక్కకు ఆ వెసులుబాటు లేదు. దానికి ఏ పేరు పెట్టినా తోక ఊపుకొంటూనే వస్తుంది. కనుక ఆ పేరులోని మంచి చెడ్డల భారమంతా పెట్టినవానిదే.

మన వాఙ్మయం ఈ విషయంలో ఏమి చెప్పుచున్నదో ముందు చూద్దాము. కుక్కకు తెలుగు కవులు వాడిన మాటలలో 'సారమేయము' ఒకటి. అది నిజానికి ఒక తల్లి పేరు నుండి పుట్టిన మాట. దేవతల శునకం సరమ. ఆమె సంతానం సారమేయాలు. పణులు దాచిన గోవుల జాడ తీసిన సరమ ఋగ్వేదంలోనే కనిపిస్తుంది. ఆ ఒక్క కుక్క పేరు జాతి కంతటికీ పేరైనది. భారతంలో ఆ సరమ బిడ్డను జనమేజయుని తమ్ములు యాగశాల వద్ద నిష్కారణంగా కొట్టినారు. తల్లి వచ్చి రాజును నిలదీసినది. నన్నయగారు ఈ కథను తెలుగు భారతంలో విడువక చెప్పినారు. భారత కథకు ముంగిలిలో దెబ్బతిన్న కుక్కపిల్ల ఉన్నది. కడపట ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడచిన కుక్క ఉన్నది. ఆ రెండవ దానిని విడిచి స్వర్గానికి రానన్నాడు ధర్మజుడు. అయితే మన సాహిత్యంలో అంతటి కీర్తి గడించిన ఆ శునకానికి పేరే లేదు. ధర్మదేవతయే ఆ రూపంలో వచ్చినాడని తరువాత తెలిసినది. తెలియకముందే ధర్మరాజు దానిని తనదిగా చేసికొన్నాడు. పేరు లేకున్నా బంధం ఉండగలదని ఆ కథ సాక్ష్యం.

పేరూ, బంధమూ రెండూ కలసి శిలమీదికెక్కిన ఉదాహరణ మన పొరుగున కన్నడ దేశంలో ఉన్నది. క్రీ.శ. 949 ప్రాంతంలో తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు, తన వీరుడు మణలేరుని పరాక్రమానికి మెచ్చి వరం కోరుకొమ్మన్నాడు. ఆ వీరుడు అగ్రహారం కోరలేదు, అధికారం కోరలేదు. 'కాళి' అనే వేటకుక్కను కోరినాడు. ఆ కాళి ఒక అడవిపందితో తలపడి, దానిని చంపి తానూ చచ్చిపోయినది. దాని స్మృతికి నేటి మండ్య జిల్లాలోని ఆతకూరులో శిల నిలిపి, భూమి దానం చేసినారు. యుద్ధవార్తతోపాటు ఒక కుక్క పేరు ఆ శాసనంలో చదువుకొంటున్నాము. వేయి సంవత్సరాలు దాటినా ఆ పేరు చెరగలేదు.

మరి మన వీథులలో వినిపించే పేర్ల సంగతేమి? సీజరు, నీరో, టామీ, టైగరు. రెండు మూడు తరాలుగా ఇవే. సీజరు రోమను వీరుడు, నీరో రోమను చక్రవర్తి, టామీ అనేది బ్రిటిష్ సిపాయికి వాడుకలో ఉన్న మారుపేరు. చరిత్ర మన గుమ్మంలో పడుకొని మొరుగుచున్నది, మనకే తెలియదు. "మీ కుక్కకు సీజరు అని ఎందుకు పెట్టినారు?" అని అడిగితే "ఎదురింటివారి కుక్క పేరు అదే గనుక" అనే సమాధానం వస్తుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత ఇటువంటి చోట్లనే పుట్టి ఉంటుంది. అర్థం తెలియని పేరు తప్పు కాదు గాని, వట్టి చప్పుడు. వట్టి చప్పుడే కావలెనంటే గ్రీకు రచయిత జెనొఫొన్ మార్గం మేలు. వేటకుక్కలకు పేరు పొట్టిగా, పిలువ సులభంగా ఉండాలని చెప్పి, ఆయన 47 పేర్లు జాబితా కట్టి ఇచ్చినాడు.

అర్థం తెలిసి పేరు పెడితే ఏమి జరుగుతుందో చూపే కథ ఒకటి ఉన్నది. అలాస్కాలో లెన్హార్డ్ సెప్పాలా అనే నార్వే దేశస్థుడు మంచుబండి లాగే కుక్కలను పెంచేవాడు. ఒక బక్కపిల్లకు ఆయన 'టోగో' అని పేరు పెట్టినాడు. అది 1905లో సుషిమా జలసంధిలో రష్యా నౌకాదళాన్ని ఓడించిన జపాను నౌకాధిపతి టోగో పేరు. 1925 జనవరిలో నోమ్ పట్టణంలో కంఠవాతం, అనగా డిఫ్తీరియా, పిల్లలను పొట్టన పెట్టుకొనసాగినది. మందు కావలెను, దారి అంతా మంచు. నెనానా నుండి నోమ్ వరకు 674 మైళ్ల దూరం, ఇరవైమంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు ఒకరి చేతినుండి ఒకరికి మందు అందించుకొంటూ అయిదున్నర రోజులలో చేర్చినారు. అందులో అందరికంటె ఎక్కువ దూరం, రానుపోను సుమారు 260 మైళ్లు, నడిపించినది పన్నెండేండ్ల వృద్ధాప్యంలో ఉన్న ఆ టోగోయే. గడ్డకట్టిన సముద్రపు పాయను కూడ దాటి తన జట్టును నడిపినది.

చివరి మజిలీలో మందును ఊరిలోనికి తెచ్చిన జట్టుకు ముందు నడచినది 'బాల్టో'. అదీ చరిత్రలోని పేరే. 1888లో నాన్సెన్‌తో కలసి గ్రీన్‌లాండ్ మంచుపీఠభూమిని దాటిన సామీ జాతి సాహసికుడు శామ్యూల్ బాల్టో పేరు. చివర వచ్చినవానికే చప్పట్లన్నట్లు, అదే సంవత్సరం డిసెంబరులో న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో బాల్టో విగ్రహం వెలసినది. టోగోకు ఆ నగరంలో విగ్రహం 2001 దాకా లేదు. ఇంతకూ నేడు లోకంలో చాలమంది పిల్లలకు టోగో అంటే కుక్కయే తెలుసు, నౌకాధిపతి తెలియడు. శామ్యూల్ బాల్టో పేరు కుక్కవల్లనే బ్రతికి ఉన్నది. గొప్పవారి పేరు మోసిన కుక్కలు ఆ పేరుకు తరుగు తేలేదు. మరికొంత కూడబెట్టి ఇచ్చినవి.

దీనికి విరుద్ధమైన మార్గం కూడ ఉన్నది. తృణీకారంతో పెట్టే పేరు. 1941లో ఫిన్‌లాండ్‌లో ఒక మందుల వ్యాపారి ఇంటి కుక్క ముందుకాలు ఎత్తి వందనం చేసేది. ఇంటివారు దానిని హాస్యానికి 'హిట్లర్' అన్నారు. సోవియట్ రష్యాతో మహాసంగ్రామంలో మునిగి ఉన్న జర్మన్ ప్రభుత్వ శాఖలు ఆ కుక్క విషయమై ఉత్తరాలు నడిపి, విచారణ జరిపి, సాక్షులు దొరకక ఊరకున్నవి. ఆ కాగితాలు 2011లో లోకానికి తెలిసినవి. ఒక కుక్క పేరుకు జడిసిన ఏలుబడి ఎంత పిరికిదో ఆ కాగితాలే చెప్పినవి. దుర్మార్గుని ఎగతాళి చేయడం ఒక విధంగా ధైర్యమే. కాని బలవంతుడు బలహీనుని తృణీకరించి పెట్టిన పేర్లూ ఉన్నవి. 1943 మే నెలలో జర్మనీ ఆనకట్టలను కూల్చిన బ్రిటిష్ వైమానిక దళనాయకుడు గై గిబ్సన్ తన నల్లకుక్కకు నల్లజాతివారిని దూషించే మాటనే పేరుగా పెట్టుకొన్నాడు. ఆనకట్ట తెగినదన్న సంకేతానికి కూడ ఆ మాటనే వాడినారు. ఆనాటివారు దానిని తప్పుగా తలచలేదు. 2020లో ఆ కుక్క సమాధిమీది రాతిని తొలగించి, పేరు లేని రాతిని పెట్టవలసి వచ్చినది. కుక్క చేసిన పాపం లేదు. పెట్టినవాడు చేసిన తప్పుకు దాని సమాధికి పేరు లేకుండ పోయినది.

మన దేశంలో మరొక చిక్కు ఉన్నది. మనకు 'కుక్క' అనే మాటే తిట్టు. ఆంగ్లేయుడు ప్రేమతో పెట్టిన పేరును మనవాడు అవమానంగా భావించడానికి కారణం ఇదే. ఈ భావం న్యాయమా కాదా అనేది వేరే చర్చ. ఇరుగుపొరుగువారి మనసు నొప్పించి పేరు నిలుపుకొనడం మాత్రం సంస్కారం కాదు. ఒకరు పూజించేవారి పేరును కుక్కకు పెట్టి, "నేను గౌరవంతోనే పెట్టినాను" అని వాదించి ప్రయోజనం లేదు. అందుకు నా విద్యార్థులకు నేను చెప్పిన ఉపాయం ఇది: మహనీయుని పేరు వద్దు, ఆయన చేసిన పనిని తలపించే మాట తీసికొనండి. ఫిబ్రవరి 28న, అనగా రామన్ తన పరిశోధన ఫలితాన్ని వెల్లడించిన 1928నాటి రోజును తలచుకొనే జాతీయ విజ్ఞానదినాన, పుట్టిన పిల్లకు 'కిరణ్' అంటే ఎవరు కాదంటారు? 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతంలో దిగిన నాటి పిల్లను 'జాబిలి' అని పిలువవచ్చును. అప్పుడు "ఎందుకా పేరు?" అని దారినపోయేవాడు అడుగుతాడు. పిల్లవాడు చెప్పుతాడు. ఆ చెప్పడంలోనే పాఠం ఉన్నది. రోజుకు ఇరవైసార్లు పిలిచే పేరు తరగతిలో ఒకసారి చెప్పే తేదీకంటె బాగుగా నాటుకొంటుందని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

పుట్టిన తేదీ తెలియని వీథికుక్కల మాటేమని కొందరు అడిగినారు. మనుషులలోనే పుట్టినరోజు ఎరుగని మహానుభావులు ఉన్నారు. టెన్సింగ్ నార్గేకు తన జన్మదినం తెలియదు. 1953 మే 29న ఎవరెస్టు శిఖరం ఎక్కిన తరువాత ఆ రోజునే పుట్టినరోజుగా చేసికొన్నాడు. తెలియని తేదీ మన ఎన్నికకు విడిచిన ఖాళీ. ఏ రోజున ఇంటికి తెచ్చుకొన్నామో ఆ రోజే దాని జన్మదినం.

తేదీలు చూచి పేర్లు పెట్టేవారు మరువరాని తేదీ ఇంకొకటి ఉన్నది. 1885 జూలై 6. పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు పారిస్‌లో లూయీ పాశ్చర్ మహాశయుడు టీకా వేయించి ప్రాణం నిలిపిన రోజు. కుక్కకు పేరు పెట్టినవాడు ఆ టీకా కూడ వేయించాలి. పేరు పెట్టి టీకా వేయించకపోవడం బిడ్డకు బారసాల చేసి పాలు మానిపించడం వంటిది. పేరు పెట్టినంత మాత్రాన కుక్క మనది కాదు. దాని ఆకలీ, జబ్బూ, ముసలితనమూ మనవైనప్పుడే మనది. 1957 నవంబరు 3న సోవియట్ శాస్త్రజ్ఞులు మాస్కో వీథులలో దొరికిన ఒక కుక్కను స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపినారు. దాని పేరు లైకా. 'మొరిగేది' అని దాని అర్థం. తిరిగి వచ్చే ఏర్పాటు లేని ప్రయాణం. కొద్ది గంటలలోనే వేడికి అది మరణించినదని 2002లోగాని లోకానికి తెలియలేదు. పేరు ప్రపంచమంతా మారుమ్రోగినది. పేరు పెట్టినవారు ప్రాణం కాపాడలేదు. పేరు గొప్పదైనంత మాత్రాన ఋణం తీరదని దీనివలన గ్రహించాలి. మా అటెండరు చెప్పిన బువ్వ మాటకు ఇంతకంటె వేరే వ్యాఖ్యానం లేదు.

ఇంతకూ మా సైకిళ్ల పాక తగవు ఎట్లు తీరినదని పాఠకులు అడుగుతారు. నోమ్ పట్టణానికి ఆ మందు చేరినది 1925 ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున. ఆ కథ చెప్పగానే విద్యార్థులు ఒకరినొకరు చూచుకొన్నారు. స్టాలిన్ అన్నవాడూ, జాయిస్ అన్న అమ్మాయీ, ప్రతాపరుద్రుడన్నవాడూ 'టోగో' అనే పేరుకు ఒప్పుకొన్నారు. మరుసటి నెలలో తలా కొంత వేసికొని పశువైద్యశాలకు తీసికొనిపోయినారు. అక్కడ చీటీ మీద పేరు, పుట్టిన తేదీ, టీకా తేదీ వ్రాసి ఇచ్చినారు. ఆ చీటీ ఇప్పుడు అటెండరు పెట్టెలో ఉన్నది. ఆయనకు టోగో అనే మాట పలకదు. 'తోకగాడు' అంటాడు. అది ఏ పేరుకైనా వస్తుంది గాని, మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం ఆయన పిలుపుకే ముందు పరుగెత్తుతుంది. చేతిలో గిన్నె ఉంటుంది గదా!