కొత్త బండి, వంకర హ్యాండిల్: తప్పు ఎక్కడ జరుగుతోంది?

కొత్త బండి తాళం చేతికిచ్చే రోజు షోరూమ్‌లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు, దండ వేస్తారు, ఫొటో దిగుతారు, స్టేటస్ పెట్టేస్తారు. ఆ హడావుడిలో హ్యాండిల్ తిన్నగా ఉందా లేదా అని ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆదోనిలో బండి తీసుకుని ఎమ్మిగనూరుకు బయల్దేరాను. ఊరు దాటి రోడ్డు నేరుగా సాగాక తేడా తెలిసింది. బండి తిన్నగానే పోతోంది. నా కుడి చెయ్యి మాత్రం కాస్త ముందుకు, ఎడమ చెయ్యి వెనక్కి ఉన్నాయి. మర్నాడు షోరూమ్‌కు పోతే సర్వీస్ కుర్రాడు, "ఏం గాదులే అన్నా, తోలతా ఉంటే అదే అలవాటైతాది" అన్నాడు. మూడోసారి పోతే గానీ స్పానర్ ముట్టలేదు. ముట్టాక పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మరి ఆ ఇరవై నిమిషాల పని బండి నాకు ఇవ్వకముందే ఎందుకు జరగలేదు?

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంకా ఎక్కువమందిది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 70 వేలు ఉండే బండి మీద ఏకంగా 7 వేలు మిగులు. సరిగ్గా దసరా నవరాత్రుల మొదటి రోజే కొత్త రేటు అమల్లోకి వచ్చింది. తగ్గుతుందని తెలిసి ఆగినవాళ్లంతా ఒక్కసారే షోరూమ్‌లకు వచ్చారు. రేటు తగ్గడం మంచిదే. అయితే రోజుకు నాలుగు బండ్లు సిద్ధం చేసే షెడ్డులో అదే మనుషులు పది బండ్లు సిద్ధం చేయాల్సి వస్తే, కోత పడేది చెకింగ్ మీదే.

మన పడమటి మండలాల్లో బండి అంటే షోకు కాదు. సుగ్గికి పోయి తెచ్చిన డబ్బు డౌన్ పేమెంట్‌గా కట్టి, మిగతాది ఈఎంఐ పెట్టుకుని పిల్లాడి చేతికి బండి ఇచ్చే ఇళ్లు ఎన్నో. డెలివరీ, ఫైనాన్స్ కలెక్షన్, మెడికల్ రెప్, ఫీల్డ్ సేల్స్... ఈ ప్రకటనల్లో "సొంత టూ వీలర్, లైసెన్స్ తప్పనిసరి" అన్న లైను మీరు చూసే ఉంటారు. అంటే చాలామందికి బండి తర్వాతే ఉద్యోగం. ఆ బండిని మొదటి వారమే షోరూమ్ చుట్టూ తిప్పాల్సి వస్తే ఆ రోజుల జీతం ఎవరిస్తారు?

ఫ్యాక్టరీలో పూర్తయినా పూర్తికాని బండి

రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఫారం 22 అని ఒకటి ఉంటుంది. ఈ వాహనం రోడ్డు మీద తిరగడానికి తగినదే అని తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్ అది. కానీ ఆ తర్వాత బండి లారీ ఎక్కుతుంది, వందల కిలోమీటర్లు ఊగుతుంది, దిగేటప్పుడు ఒక్కోసారి పక్క బండికి తగులుతుంది. కదలకుండా హ్యాండిల్‌కు, ముందు ఫోర్కుకు తాళ్లో బెల్టులో వేసి లాగి కడతారు. షోరూమ్‌కు చేరాక అద్దాలు బిగించడం, బ్యాటరీ చూడటం, బోల్టులు, బ్రేకులు, లైట్లు సరిచూడటం డీలర్ పని. దీన్నే పీడీఐ అంటారు, ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్. అంటే బండి నిజంగా పూర్తయ్యేది డీలర్ షెడ్డులో. పెద్ద ఊళ్ల డీలర్ దగ్గర్నుంచి చిన్న ఊళ్ల సబ్ డీలర్‌కు బండి మళ్లీ ప్రయాణం చేస్తే, మళ్లీ చెకింగ్ చేయాలి. అక్కడ ఆ పని ఎవరిదన్నది తేలదు. నా లెక్కలో అసలు లోపం ఇక్కడుంది. నెలలో ఎన్ని అమ్మారన్నది అందరూ లెక్కపెడతారు. ఎన్ని బండ్లకు బోల్టులు సరిగ్గా బిగించారన్నది ఎవరూ లెక్కపెట్టరు.

హ్యాండిల్ వంకరగా ఉండటం ఒక రకంగా అదృష్టమే, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది. దాన్ని చూడకుండా వదిలేసిన చెయ్యి బోల్టు కూడా వదిలేసి ఉండొచ్చు. అది కనిపించదు.

మీ బండిని చూసుకోవాలంటే సైడ్ స్టాండ్ మీద చూడకండి. అలా చూస్తే తిన్నగా ఉన్న హ్యాండిల్ కూడా వంకరగానే కనిపిస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని నేరుగా పెట్టి, నాలుగడుగులు ముందుకెళ్లి ఎదురుగా నిలబడి చూడండి. తర్వాత ఒక టేపు తీసుకుని హ్యాండిల్ రెండు చివర్ల నుంచి సీటు వెనక నడిమధ్య ఉన్న ఒకే బిందువుకు కొలవండి. చక్రం తిన్నగా ఉండగా రెండు కొలతల్లో స్పష్టమైన తేడా ఉంటే మీ అనుమానం నిజమే. అద్దాలను, హెడ్‌లైట్ డూమ్‌ను చూసి తీర్మానించొద్దు, అవి విడిగా వంకరగా బిగించి ఉండొచ్చు.

ఎక్కువగా జరిగేది ఫోర్కు మెలిపడటం. ముందు షాకబ్జర్లు రెండింటినీ పైన, కింద పట్టుకుని ఉండే బిగింపులను మన మెకానిక్‌లు "టీ" అంటారు. తాడు లాగినప్పుడో, బండి పక్కకు పడినప్పుడో షాకబ్జర్లు ఆ టీలో కాస్త మెలితిరుగుతాయి. ముందు యాక్సిల్, మడ్‌గార్డ్, కింది టీ బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను తిన్నగా తెచ్చి, షాకబ్జర్లను రెండు మూడుసార్లు కిందికి నొక్కి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంత బిగువుతో మళ్లీ బిగించాలి. కొత్త పార్టు ఏదీ అక్కర్లేదు. నా బండికి జరిగింది ఇదే.

హ్యాండిల్ రాడ్డే వంగి ఉంటే ఒక చివర పైకో కిందికో కనిపిస్తుంది. దాన్ని మార్చాల్సిందే. పైపు దూర్చి వంచి సరిచేస్తామంటే ఒప్పుకోకండి. ఇక బండి నడుపుతుంటే ఒక పక్కకు లాగుతోందంటే, టైర్లలో గాలి సరిగ్గా ఉండి కూడా లాగుతోందంటే, టీ స్టెమ్ దగ్గరో ఫ్రేమ్ దగ్గరో తేడా ఉండొచ్చు. అది స్పానర్‌తో పోయేది కాదు. రెండు చేతులూ వదిలి చూసే పరీక్ష మాత్రం వద్దు. రోడ్డు వాలు కూడా బండిని లాగుతుంది, పడితే మీరే.

చట్టం ఏమంటోంది?

2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 86 చదవండి. తయారీదారు కాని అమ్మకందారు కూడా ఎప్పుడెప్పుడు బాధ్యుడవుతాడో అందులో ఉంది. వస్తువును బిగించడంలో, తనిఖీ చేయడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల హాని జరిగితే అమ్మకందారు తప్పించుకోలేడు. "కంపెనీ నుంచి అట్లే వచ్చింది" అన్న మాట అక్కడ చెల్లదు. ప్రమాదం జరగకపోయినా వస్తువులో లోపం, సేవలో లోపం అన్న కారణాలతో ఫిర్యాదు చేయొచ్చు. డెలివరీ పనికి కొన్నాను కదా, నేను వినియోగదారుణ్ని అవుతానా అని సందేహం వద్దు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువుకూ ఈ చట్టం వర్తిస్తుంది.

ఆదోని నుంచి కర్నూలు దాకా దాదాపు వంద కిలోమీటర్లు పోవాలి కదా అంటారా? మీరు ఉండే చోట పరిధి ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, బండి బెంగళూరులో కొన్నా సరే. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

నిజం చెప్పాలంటే, ఇరవై నిమిషాల పనికి కమిషన్ దాకా పోవాలని నేను అనను. పోవాల్సి వస్తే చేతిలో ఏముందన్నదే ముఖ్యం. నోటి మాటగా చెప్పి రాకండి. జాబ్ కార్డులో "హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉంది" అని మీ మాటల్లోనే రాయించి, తేదీతో ఫొటో తీసుకోండి. "చెక్డ్, ఓకే" అని వాళ్లు రాసి సంతకం అడిగితే, పక్కన "సమస్య తీరలేదు" అని రాసి అప్పుడు పెట్టండి. నేను మొదటి రెండుసార్లు ఏ కాగితమూ లేకుండా తిరిగొచ్చాను. అందుకే మూడోసారి దాకా ఆగాల్సి వచ్చిందని నా నమ్మకం. ఇంకా మంచిది, రిజిస్ట్రేషన్‌కు ముందే బండి చూడటం. ఒకసారి ఛాసిస్ నంబరు మీ పేరు మీద ఎక్కాక "వేరే బండి ఇవ్వండి" అనడం చాలా కష్టం.

మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లకు ఇందులో ఇంకో సంగతి ఉంది. పీడీఐ టెక్నీషియన్, సర్వీస్ అడ్వైజర్, వారంటీ క్లెయిమ్‌లు చూసేవాళ్లు, కంపెనీ తరఫున డీలర్లను తనిఖీ చేసే ఏరియా సర్వీస్ ఇంజినీర్ అన్నవి నిజమైన ఉద్యోగాలు. ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చదివినవాళ్లకు మొదటి రెండూ అందుతాయి, డిప్లొమా, బీటెక్ వాళ్లకు చివరి రెండూ. ఇంటర్వ్యూలో "హ్యాండిల్ వంకరగా ఉన్నా బండి తిన్నగా ఎందుకు పోతుంది?" అని అడిగితే తడబడకండి. స్టీరింగ్ ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఆ దూరమే ట్రెయిల్. దానివల్ల ముందు చక్రం ట్రాలీ చక్రంలా వెనకే వస్తూ తనంతట తాను తిన్నబడుతుంది. దారి చూపేది చక్రం, పైన హ్యాండిల్ ఏ కోణంలో బిగించి ఉందన్నది దానికి పట్టదు.

ఆ మూడోసారి నా బండి సరిచేసిన కుర్రాడిది ఐటీఐ. పని శుభ్రంగా చేశాడు. చివర్లో మామూలు స్పానర్‌తోనే బిగిస్తుంటే టార్క్ రెంచ్ లేదా అని అడిగాను. "ఉంది అన్నా, స్టోర్ రూంలో. తాళం మేనేజర్ సార్ దగ్గర" అన్నాడు.