కవచం ఎవరి ఒంటి మీద?

'సన్నద్ధత' అనే మాట ఈ మధ్య నాకు మింగుడు పడటం లేదు. సన్నద్ధుడంటే కవచం తొడుక్కున్నవాడని అర్థం. కవచం కాపాడేది తొడుక్కున్నవాణ్ణే, పక్కవాణ్ణి కాదు. అంటువ్యాధుల విషయంలో ప్రపంచం ఈ మాటని అక్షరాలా ఆ అర్థంలోనే వాడుతోంది.

ఎంపాక్స్ సంగతి చూడండి, నిన్నటిదాకా మంకీపాక్స్ అన్నాం. మనిషిలో దీన్ని మొదట గుర్తించింది 1970లో, కాంగోలో, తొమ్మిది నెలల పసివాడిలో. మశూచి టీకా దీన్నీ చాలావరకు అడ్డుకునేది. 1980లో మశూచి అంతమైందని ప్రకటించారు, టీకాలు ఆగిపోయాయి. తర్వాతి తరాలకి ఆ రక్షణ లేదని డాక్టర్లందరికీ తెలుసు. 2017లో నైజీరియాలో ఇది మళ్లీ బయటపడింది. లైంగిక సంబంధాల ద్వారా కూడా వ్యాపిస్తుండొచ్చని డిమీ ఒగోయినా అనే అక్కడి డాక్టరు, ఆయన సహచరులు రాశారు. ఎంతమంది విన్నారు?

2022 మేలో యూరప్ నగరాల్లో కేసులు కనపడ్డాయి. జులై 23కల్లా అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి! మశూచిని ఎవరైనా ఆయుధంగా వాడతారేమోనన్న భయంతో దాచుకున్న టీకాలు ధనిక దేశాల దగ్గర ఉండనే ఉన్నాయి. వేసుకున్నారు. 2023 మేలో అత్యవసరం ముగిసిందన్నారు. అదే ఏడాది కాంగోలో 14 వేలకు పైగా అనుమానిత కేసులు, 600కు పైగా మరణాలు. 2024 ఆగస్టులో మళ్లీ అత్యవసరం ప్రకటించారు. కాంగోకి మొదటి టీకాలు చేరింది సెప్టెంబర్ 5న, లక్షకి కాస్త తక్కువ డోసులు. చనిపోతున్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు. వచ్చిన టీకాకి అప్పటికి అనుమతి పెద్దవాళ్లకే.

ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం కాదు. 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో అత్యవసరానికి ఇచ్చిన నిర్వచనం చదవండి. వ్యాధి దేశం దాటి ఇతర దేశాలకి ప్రమాదం కావాలి. అంటే ఊళ్లో ఎంతమంది పోయినా అది వాళ్ల గొడవ. విమానం ఎక్కితేనే అందరి గొడవ. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ల భాషలో ఇది బగ్ కాదు, డిజైనే అలా ఉంది.

"ఏ దేశమైనా ముందు తన జనాన్ని చూసుకోవద్దా?" అంటారు. చూసుకోవాల్సిందే. కానీ ఆ స్వార్థపు లెక్క కూడా ఇక్కడ తప్పుతోంది. ఎంపాక్స్ లక్షణాలు బయటపడటానికి మూడు వారాల దాకా పట్టొచ్చు. జ్వరమే రాని మనిషి నుదుటికి ఎయిర్‌పోర్టులో థర్మామీటర్ గురిపెట్టి ఏం లాభం? 2022 జులైలో మన దేశంలో తేలిన మొదటి కేసు గల్ఫ్ నుంచి కేరళకి వచ్చిన ప్రయాణికుడిది. గల్ఫ్ దారి తెలుగువాళ్లకి కొత్త కాదు. కాంగోలో పల్లె ఆసుపత్రికి పరీక్షలూ టీకాలూ అందితే కాపాడబడేది కాంగో ఒక్కటే కాదు, మనం కూడా.

2025 మేలో ప్రపంచ దేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. కానీ వైరస్ నమూనాలు ఇచ్చిన దేశానికి టీకాల్లో వాటా ఎంత అన్న అసలు చిక్కుముడిని తర్వాత రాసుకునే అనుబంధానికి వదిలేశాయి. కొలతలు ఇచ్చేది ఒకరు, కవచం తొడుక్కునేది ఇంకొకరు. ఆ ముడి విప్పేదాకా, దయచేసి దీన్ని సన్నద్ధత అనకండి. తలుపు గడియ వేసుకోవడం అనండి, చాలు.